కోడికి లెక్కుంది, కూలీకి లేదు: వచ్చే మహమ్మారికి మనం ఎవర్ని కాపాడబోతున్నాం?

భిలాయ్ నుంచి రాయపూర్ వెళ్లే 53వ నంబరు జాతీయ రహదారి మీద, ఖారున్ నది దాటడానికి ముందు వచ్చే చిన్న పట్టణం కుమ్హారి. దుర్గ్ జిల్లాలో ఉంది. హౌరా - ముంబయి రైలు మార్గమూ దీని మీదుగానే పోతుంది. 2020 మే నెలలో ఈ దారిన రెండు ప్రవాహాలు పక్కపక్కనే సాగాయి. ఒకటి సరుకు: బియ్యం, పప్పు, కూరగాయలు, పళ్లు. వాటికి పాసులున్నాయి, టోల్‌గేటు దగ్గర ఆపేవారు లేరు. రెండోది మనుషులు: మహారాష్ట్ర నుంచి ఒడిశా, జార్ఖండ్, బెంగాల్ దిక్కుకు నడిచి, లారీల మీద వేలాడి పోతున్నవాళ్లు. వాళ్లంతా ఇంకాస్త ముందుకెళ్లి రాయపూర్ శివార్లలోని టాటీబంధ్ కూడలి దగ్గర వేల సంఖ్యలో పోగయ్యారు. తిండికి రహదారి తెరుచుకుంది. దాన్ని పండించి, కోసి, మోసే జాతికి చెందిన మనుషులకు మాత్రం ఆ రహదారి పక్కన నీడ కూడా కరువైంది.

ఈ పోలిక కుమ్హారి దగ్గర మరింత కొట్టొచ్చినట్టు కనిపించడానికి కారణం ఉంది. పక్కనే భిలాయ్ ఉంది. 1950ల చివర్లో సోవియట్ సాయంతో మొదలైన ఆ ఉక్కు కర్మాగారంలో శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు మూడు తరాలుగా ఉంటున్నాయి. పర్మనెంటు ఉద్యోగికి హాజరు పుస్తకంలో పేరుంది, సెలవుంది, సెక్టార్ 9లో పెద్దాసుపత్రి ఉంది. జ్వరమొస్తే ఇంట్లో పడుకునే హక్కుంది. అదే దారిన కొన్ని మైళ్లు పోతే రైస్ మిల్లు హమాలీకి, కోళ్ల షెడ్డులో పనిచేసే ఆలుమగలకు, టమాటా తోటలో దినకూలీకి ఇవేవీ లేవు. వైరస్ ఇద్దరికీ ఒకటే. జ్వరమొచ్చిన రోజు మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు.

ఐదేళ్లు దాటాక ఇప్పుడిదంతా తవ్వడం ఎందుకని అడగవచ్చు. బర్డ్ ఫ్లూ ఛత్తీస్‌గఢ్‌లోనూ, గోదావరి జిల్లాల్లోనూ తలుపు తట్టి వెళ్లింది గనక. దాని సంగతి చివర్లో చూద్దాం. ముందు కోవిడ్ కాలంలో ఏం చేశామో, ఏం చేయలేదో సూటిగా చూడాలి.

మినహాయింపు పనికే, మనిషికి కాదు

2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. మూడు రోజులకల్లా, మార్చి 27న, కేంద్ర హోంశాఖ వ్యవసాయానికి మినహాయింపు ఇచ్చింది. పొలం పనులు, మండీలు, ధాన్యం సేకరణ సంస్థలు, యంత్రాలు అద్దెకిచ్చే కేంద్రాలు, ఎరువుల కర్మాగారాలు నడవొచ్చని చెప్పింది. ఆ నిర్ణయం సరైనదే. రబీ పంట చేతికొచ్చే వేళ, ఆ మినహాయింపు లేకుంటే దేశం పస్తులుండేది.

కానీ మినహాయింపు దొరికింది పనికి. పనిచేసే మనిషికి ఏం దొరికింది? వ్యవసాయ పరిశోధన మండలి రైతులకు సలహాలు విడుదల చేసింది. మాస్కు కట్టుకోండి, మనిషికీ మనిషికీ దూరం పాటించండి, సబ్బుతో చేతులు కడుక్కోండి, వీలైనచోట కోత యంత్రం వాడండి, కొత్త కూలీలను కాక తెలిసినవాళ్లనే పిలవండి. ఒక్క మాటా తప్పు కాదు. అయితే సబ్బు ఎవరు కొనాలి, మాస్కు ఎవరివ్వాలి, దగ్గు వచ్చిన కూలీని పక్కన కూర్చోబెడితే ఆ రోజు కూలి ఎవరు కట్టాలి అన్న మూడు ప్రశ్నలకూ అందులో జవాబు లేదు. బాధ్యుడి పేరు లేని సూచన అది. రెండెకరాల రైతు, తనే అప్పుల్లో ఉన్నవాడు, పది మంది కూలీల ఐసొలేషన్ ఖర్చు భరిస్తాడని ఎవరూ అనుకోరు. మేస్త్రి భరించడు. ప్రభుత్వం తన మీద వేసుకోలేదు. మిగిలింది కూలీయే.

దాని ఫలితం మొదట కనిపించింది తెలుగు నేల మీదనే, ఛత్తీస్‌గఢ్ బిడ్డ రూపంలో. ములుగు జిల్లా పేరూరులో మిర్చి కోతకు వచ్చిన బీజాపూర్ జిల్లా ఆదివాసీ కూలీల బృందంలో 12 ఏళ్ల బాలిక ఉంది. పని ఆగింది, బస్సుల్లేవు. ఏప్రిల్ నడిమధ్యలో వాళ్లు అడవి దారిన ఇంటికి నడక మొదలుపెట్టారు. మూడు రోజులు, వంద కిలోమీటర్లకు పైగా. ఊరు ఇంకో పదిహేను కిలోమీటర్ల లోపే ఉందనగా, ఏప్రిల్ 18న ఆ పాప కుప్పకూలి చనిపోయింది. పరీక్ష చేస్తే కరోనా లేదని తేలింది. నీరసం, ఒంట్లో నీరు, లవణాలు ఇంకిపోవడం కారణమన్నారు వైద్యులు. ఆ చావు ఏ కోవిడ్ పట్టికలోనూ లేదు. మహమ్మారి నుంచి వ్యవసాయ కూలీని కాపాడడమంటే వైరస్ నుంచి మాత్రమే కాపాడడం కాదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అన్నట్టు, పన్నెండేళ్ల పిల్ల మిరప చేలో ఎందుకుందన్న ప్రశ్న ఆ తర్వాత ఎక్కువ రోజులు నిలవలేదు.

అంటుకునేది చేలో కాదు

ఇక్కడో సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి. ఆరుబయట, గాలి ఆడే పొలంలో, సాళ్ల మధ్య దూరంగా నిలబడి కలుపు తీసేవాళ్లకు ఒకరి నుంచి ఒకరికి కోవిడ్ సోకే అవకాశం తక్కువ. గాలి ద్వారా వ్యాపించే జబ్బు అది. సలహాలన్నీ పొలం మీద గురిపెట్టాయి. ప్రమాదం మాత్రం పొలానికి ముందూ వెనకా ఉంది: ట్రాలీ ఆటోలో, పాకలో, మార్కెట్ యార్డులో, అందరూ గుంపుగా కూర్చుని తినే మధ్యాహ్నం వేళలో.

వాహనాన్నే తీసుకుందాం. మన దగ్గర ఏడుగురికి అనుమతి ఉన్న ఆటోలో పదిహేను మంది మిరప కూలీలు వెళ్లడం మామూలు దృశ్యం. అది బోల్తా పడితే వార్త, పడకపోతే కాదు. 2024 ఏప్రిల్ 9 రాత్రి కుమ్హారి దగ్గరే డిస్టిలరీ కార్మికులు ఇంటికి వెళ్తున్న బస్సు మొరం తవ్విన గుంతలో పడి కనీసం 12 మంది చనిపోయారు. అది అంటువ్యాధి కథ కాదు. కానీ పనివాడిని పనిచోటికి ఎలా చేర్చాలన్నది ఎవరి బాధ్యతో తేల్చని చోట, మామూలు రోజుల్లో ప్రమాదం జరుగుతుంది, మహమ్మారి రోజుల్లో అంటు వ్యాపిస్తుంది. రెండింటికీ తల్లివేరు ఒకటే.

పాక, గది, పడవ. వీటిలో పడవ కథ తెలుగువాళ్లకు బాగా తెలిసిందే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చేపల వేటకు గుజరాత్ వెళ్లిన మత్స్యకారులు నాలుగు వేల మందికి పైగా లాక్‌డౌన్‌లో వెరావల్ రేవులో చిక్కుకుపోయారు. ఒడ్డున చోటు లేదు. చిన్న పడవలో ఎనిమిది, పది మంది చొప్పున నెల రోజులకు పైగా అక్కడే వంట, అక్కడే పడక. దూరం పాటించమన్న మాట ఆ పడవలో ఎంత హాస్యాస్పదమో చెప్పనక్కర్లేదు. చివరికి ఏప్రిల్ నెలాఖరున రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకుని బస్సుల్లో తీసుకొచ్చాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తలా 2 వేల రూపాయలు ఇచ్చింది. మంచి పనే. కానీ ఆ నెల రోజుల్లో పడవ యజమాని బాధ్యత ఏమిటి, రేవు నడిపే శాఖ బాధ్యత ఏమిటి? ఎవరూ అడగలేదు.

ఇక మార్కెట్. చెన్నై కోయంబేడు యార్డు 2020 మే మొదటి వారంలో మూతపడే నాటికి అక్కడి నుంచి వైరస్ తమిళనాడు జిల్లాలకు పాకింది. అరియలూరు, కడలూరు, విళుపురంలో ఒక్కసారిగా కేసులు పెరిగింది అక్కడ మూటలు మోసి ఇళ్లకు తిరిగొచ్చిన కూలీల వల్ల. మన చిత్తూరు, నెల్లూరు జిల్లాలకూ అంటింది. ఆ మార్కెట్‌కు టమాటా, కూరగాయలు తీసుకెళ్లిన డ్రైవర్లు, వ్యాపారులు, రైతులు వెంట తెచ్చారు. ఆ రోజుల్లో ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశాఖ బులెటిన్లలో కోయంబేడు లింకు కేసులంటూ విడిగా రాసేవారు. గమనించండి, ఊరి పేరు రాశారు. పని పేరు రాయలేదు. సోకినవాళ్లలో డ్రైవరెవరు, హమాలీ ఎవరు, కమీషన్ ఏజెంటు ఎవరు అన్నది ఏ బులెటిన్‌లోనూ లేదు. లారీ క్లీనరుకూ అడ్తీ వ్యాపారికీ ఒకే జాగ్రత్త పనిచేయదు. ఒకడు ఆ మార్కెట్లోనే పడుకుంటాడు, ఇంకొకడు ఇంటికి పోతాడు.

ఈ వృత్తి గడి ఎంత ముఖ్యమో కాలిఫోర్నియాలో తేలింది. 2020 మార్చి నుంచి అక్టోబర్ దాకా అక్కడి 18 - 65 ఏళ్లవాళ్ల మరణాలను వృత్తుల వారీగా విడదీసి చూసిన పరిశోధకులకు, మొత్తం మీద మామూలు కంటే 22 శాతం ఎక్కువ మరణాలు కనిపిస్తే, ఆహార - వ్యవసాయ రంగంలో 39 శాతం ఎక్కువ కనిపించాయి. అన్ని రంగాల్లోనూ అదే ఎక్కువ. మన దగ్గర ఆ లెక్క ఎంతో చెప్పగల పట్టిక లేదు.

చేసిన మంచి, ఆగిన చోటు

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. తెలంగాణ ఆ యాసంగిలో ధాన్యాన్ని మార్కెట్ యార్డులకు రానివ్వకుండా ఊళ్లలోనే దాదాపు 7 వేల కొనుగోలు కేంద్రాలు తెరిచింది. రైతులకు టోకెన్లు ఇచ్చి, రోజుకు ఇంతమందే రావాలని పెట్టింది. 60 లక్షల టన్నులకు పైగా ధాన్యం అలా కొన్నారు. అంటువ్యాధి శాస్త్రం దృష్టితో చూస్తే ఇది మాస్కుల పంపిణీ కంటే గొప్ప రక్షణ. గుంపునే విడగొట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లను మైదానాల్లోకి, బస్టాండు ఆవరణల్లోకి మార్చడమూ అలాంటిదే.

తొందరపాటు ఎక్కడ దెబ్బతీస్తుందో కూడా హైదరాబాద్‌లోనే చూశాం. మలక్‌పేట గంజ్ వ్యాపారులకు వైరస్ సోకి కలకలం రేగింది. రద్దీ తగ్గించాలని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను శివారులోని కోహెడకు తరలించారు. మే మొదటి వారంలో వచ్చిన గాలివానకు అక్కడ హడావిడిగా వేసిన షెడ్లు కూలి, మామిడికాయల మధ్య పనిచేస్తున్న పలువురు గాయపడ్డారు. వైరస్ నుంచి తప్పించబోయి రేకుల కింద పడేశాం.

ధాన్యం కథలోనూ ఒక ముడి మిగిలింది. ఊళ్లో కాంటా అయిన బస్తాలను లారీకెత్తేది, మిల్లులో దించేది ఎవరు? తెలంగాణ మిల్లుల్లో ఆ పని చాలావరకు బిహారీ హమాలీలది. 2020 మే 1న దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు 1,200 మంది వలస కార్మికులతో హైదరాబాద్ శివారు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. సరిగ్గా వారానికి, అదే లింగంపల్లి స్టేషన్‌కు బిహార్‌లోని ఖగడియా నుంచి ఒక రైలు వచ్చింది. అందులో రైస్ మిల్లుల్లో పనికి వచ్చిన రెండు వందల మందికి పైగా హమాలీలున్నారు. మంత్రి వెళ్లి పూలిచ్చి స్వాగతం పలికారు. ధాన్యం కుప్పలు పేరుకుపోతున్నప్పుడు హమాలీ విలువ ప్రభుత్వానికి బాగానే తెలిసిందన్నమాట. మిల్లు ఆవరణలో వాళ్లు పడుకునే రేకుల గదిలో ఎందరు ఉండాలి, కిటికీ ఉండాలా వద్దా అన్నది మాత్రం ఆ పూలతో పాటు రాలేదు.

ఛత్తీస్‌గఢ్‌లో ఈ ముడి ఇంకా పెద్దది. 2020 - 21 ఖరీఫ్‌లో ఆ రాష్ట్రం డిసెంబర్, జనవరి రెండే నెలల్లో, రెండు వేలకు పైగా కేంద్రాల్లో, 92 లక్షల టన్నుల ధాన్యం కొని రికార్డు పెట్టింది. ప్రతి బస్తానూ కనీసం నాలుగుసార్లు మనిషి వీపు మోస్తుంది. రెండు నెలలు తిరిగేసరికి, 2021 ఏప్రిల్‌లో రెండో అల వచ్చింది. దేశంలో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో దుర్గ్ ఒకటి. ఏప్రిల్ 6 నుంచి జిల్లా అంతా లాక్‌డౌన్. భిలాయ్ ఉక్కు కర్మాగారం ఆక్సిజన్ రాష్ట్రాలు దాటి వెళ్లింది, దానికి రావలసిన మెప్పు వచ్చింది. ధమధా టమాటా తోటల కూలీల సంగతి ఎవరి మెప్పుకూ, నిందకూ అందలేదు.

లోకంలో ఏం జరిగింది

ఇది మన పేదరికం సమస్య అనుకుంటే పొరపాటు. అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రం సూఫాల్స్‌లోని స్మిత్‌ఫీల్డ్ పందిమాంసం ప్లాంటులో 2020 వసంతంలో 1,294 మందికి వైరస్ సోకింది, నలుగురు చనిపోయారు. చల్లటి గది, యంత్రాల హోరు, భుజం భుజం తగిలేలా నిలబడి అరుచుకుంటూ మాట్లాడుకోవడం. వైరస్‌కు ఇంతకంటే ఏం కావాలి? ఏప్రిల్ 28న అధ్యక్షుడు ట్రంప్ రక్షణ ఉత్పత్తుల చట్టాన్ని వాడి మాంసం ప్లాంట్లు తెరిచే ఉంచాలని ఉత్తర్వు ఇచ్చారు. ఆ ప్లాంటుకు కార్మిక భద్రతా సంస్థ వేసిన జరిమానా 13,494 డాలర్లు.

థాయిలాండ్‌లో 2020 డిసెంబర్‌లో సముత్ సాఖోన్ రొయ్యల మార్కెట్‌లో కొద్ది రోజుల్లోనే వెయ్యి మందికి పైగా పాజిటివ్ వచ్చారు. దాదాపు అంతా మయన్మార్ వలస కూలీలు. వాళ్ల వసతి భవనాల చుట్టూ ముళ్లకంచె వేశారు. జబ్బు బయటికి రాకూడదని. లోపల ఉన్నవాళ్లు ఒకరికొకరు అంటించుకుంటే పర్వాలేదన్నట్టు. భీమవరం, కాకినాడ వైపు రొయ్యలు ఒలిచే చల్లటి హాళ్లలో ఒడిశా నుంచి, ఏజెన్సీ నుంచి వచ్చిన ఆడపిల్లలు హాస్టల్ గదుల్లో ఎలా ఉంటున్నారో తెలిసినవాళ్లకు ఈ వార్త పరాయిది కాదు.

పాఠం నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. జర్మనీలో తోనియస్ మాంసం ప్లాంటులో 2020 జూన్‌లో 1,500 మందికి పైగా సోకింది. సోకినవాళ్లు చాలావరకు రొమేనియా, బల్గేరియా, పోలండ్ నుంచి సబ్‌కాంట్రాక్టర్లు తెచ్చిన మనుషులు, ఇరుకు గదుల్లో కాపురం. ఆ దేశం ఏం చేసిందంటే, 2021 జనవరి 1 నుంచి పెద్ద కబేళాల్లో కోత పనికి సబ్‌కాంట్రాక్టునే నిషేధించింది. మాంసం కోసేవాడు ఆ కంపెనీ ఉద్యోగే అయి ఉండాలి. శానిటైజర్ గురించి కాదు, యజమాని ఎవరన్న దాని గురించి చట్టం చేసింది. కాలిఫోర్నియా 2020 నవంబర్ 30 నుంచి అమల్లోకి తెచ్చిన అత్యవసర నిబంధనల్లో యజమాని ఇచ్చే వసతికి, యజమాని నడిపే వాహనానికి విడిగా నియమాలున్నాయి. పనిచోట సోకి ఇంట్లో ఉండాల్సి వస్తే ఆ రోజుల జీతం యజమానే ఇవ్వాలని ఉంది. జ్వరాన్ని దాచుకోవలసిన అవసరం లేకుండా చేయడం అంటే అదీ.

'సూపర్ స్ప్రెడర్' అన్న పేరు

మన దగ్గర టీకాల వరసలో ఆహార కూలీ ఎక్కడున్నాడు? 2021 జనవరి 16న ఆరోగ్య సిబ్బందితో మొదలై, పోలీసులు, పారిశుధ్య సిబ్బంది, 60 దాటినవాళ్లు, 45 దాటినవాళ్లు, మే 1 నుంచి 18 దాటినవాళ్లు. వయసే కొలమానం. హమాలీలు, కూరగాయల అమ్మకందారులు చాలామంది ముప్పైల్లో, నలభైల్లో ఉన్నవాళ్లు. రెండో అల నెత్తిన పడ్డాకే వాళ్ల వంతు వచ్చింది.

తెలంగాణ 2021 మే 28 నుంచి ప్రత్యేక టీకా కార్యక్రమం పెట్టింది. రేషన్ డీలర్లు, గ్యాస్ డెలివరీ కుర్రాళ్లు, ఎరువుల దుకాణాల వాళ్లు, కూరగాయల, మాంసం, పూల మార్కెట్ల వాళ్లు కలిపి ఏడున్నర లక్షలకు పైగా మందిని గుర్తించింది. వృత్తిని బట్టి టీకా ఇవ్వడం నిజంగా మెచ్చుకోవలసిన పని. పేరు మాత్రం 'సూపర్ స్ప్రెడర్లు'. అంటే వీళ్లు మనకు జబ్బు అంటించేవాళ్లు. వీళ్లకు జబ్బు అంటించింది ఎవరు, మాస్కు లేకుండా వచ్చి బేరమాడిన కొనుగోలుదారు కాదా అన్న ఆలోచన ఆ పేరులో లేదు. మాట కదా అని వదిలేయలేం. ఎవరిని కాపాడుతున్నామో ఆ పేరే చెబుతోంది. టీకా అయిపోగానే ఆ జాబితా పని కూడా అయిపోయింది.

ఛత్తీస్‌గఢ్ ఇంకో దారి పట్టింది. మే 1న టీకాలు తక్కువగా ఉన్నప్పుడు 18 - 44 వయసువాళ్లలో ముందు అంత్యోదయ కార్డున్న నిరుపేదలకే ఇస్తామంది. హైకోర్టు ప్రశ్నించింది, కొన్నాళ్లు ఆగింది. తర్వాత అంత్యోదయ, దారిద్ర్యరేఖ దిగువ, ఎగువ వర్గాలకు వాటాలు వేసి మళ్లీ మొదలుపెట్టారు. కూరగాయల అమ్మకందారుల వంటివాళ్లనూ ఫ్రంట్‌లైన్ జాబితాలో చేర్చారు. కోర్టు అభ్యంతరం సంగతి ఎలా ఉన్నా, పేదరికాన్నే ప్రమాదంగా గుర్తించిన ప్రయత్నం అది. చిక్కేమిటంటే, రేషన్ కార్డు సొంతూళ్లో ఉంటుంది, కూలీ పనిచేసే ఊళ్లో ఉంటాడు.

ఇప్పుడు చట్టం ఎక్కడుంది

2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో 30 కోట్లకు పైగా అసంఘటిత కార్మికులు నమోదయ్యారు. సగానికి పైగా వ్యవసాయ రంగం వాళ్లే. పెద్ద జాబితా. అయితే అందులో కూలీ పేరుంది, అతన్ని పనిలో పెట్టుకున్నవాడి పేరు లేదు. జబ్బు చేస్తే ఎవర్ని అడగాలో చెప్పని కార్డు అది.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఐదుగురు వలస కూలీలుంటే చాలు, వర్తించేది. కొత్త వృత్తి భద్రతా కోడ్ పది మంది ఉండాలంటుంది. కోళ్ల షెడ్డులో ఉండేది ఒకటో రెండో కుటుంబాలు. మిర్చి చేలో బృందం పదీ పదిహేను మంది ఉన్నా, నాలుగు రోజులు ఒక రైతు దగ్గర, నాలుగు రోజులు ఇంకొకరి దగ్గర. యజమాని అని ఎవర్ని పట్టుకుంటారు? ఇక ఈఎస్‌ఐలో అనారోగ్య సెలవుకు ఏడాదికి 91 రోజుల వరకు 70 శాతం వేతనం ఇస్తారు. మహమ్మారిలో కావలసింది సరిగ్గా అదే. పొలం కూలీకి ఈఎస్‌ఐ లేదు. మిల్లు హమాలీకి కాగితం మీద ఉండవచ్చు, మేస్త్రి పుస్తకంలో ఉంటే. ఛత్తీస్‌గఢ్‌లోనే దల్లీ రాజహరా గని కాంట్రాక్టు కార్మికులు ఇలాంటి లోటుతో విసిగి 1983లో చందాలేసుకుని తమ షహీద్ ఆసుపత్రి తామే కట్టుకున్నారు. శంకర్ గుహా నియోగి కాలం అది. అలాంటి సంఘం వెనకుంటే సాధ్యం. ఏడాదికి మూడు ఊళ్లు మారే మిరప కూలీకి సంఘం ఎక్కడిది?

ఈసారి కోళ్ల షెడ్డు నుంచి

ఇప్పుడు బర్డ్ ఫ్లూ దగ్గరికి వద్దాం. 2021 జనవరిలో దుర్గ్ పక్క జిల్లా బాలోద్‌లో కోళ్లకు సోకింది. 2025 మొదట్లో రాయగఢ్‌లోని ప్రభుత్వ కోళ్ల ఫారంలో, ఆ వెంటనే ఫిబ్రవరిలో తూర్పు గోదావరి జిల్లా కానూరు, పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరులో హెచ్5ఎన్1 నిర్ధారణ అయింది. కిలోమీటరు మేర ఇన్ఫెక్షన్ జోన్, పది కిలోమీటర్ల మేర నిఘా, కోళ్లను చంపి పూడ్చడం జరిగాయి. మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప ఈ వైరస్‌తో మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని కుటుంబం చెప్పింది. మనిషి నుంచి మనిషికి సులువుగా పాకే గుణం ఈ వైరస్‌కు ఇంకా రాలేదు. వచ్చే రోజు ఒకటుంటే, అది ముందు తెలిసేది షెడ్డులో పనిచేసే మనిషి ఒంట్లోనే.

అమెరికాలో 2024 మార్చి నుంచి పాడి ఆవులకు ఇది సోకింది. ఆ తర్వాత బయటపడ్డ దాదాపు 70 మానవ కేసుల్లో అత్యధికం పాడి కూలీలు, కోళ్లను చంపిన కూలీలు. అదే ఏడాది జులైలో కొలరాడోలో కోళ్లను చంపే పనిలో ఉన్నవాళ్లకు వరసగా సోకింది. కారణం వింటే మన ఎండలు గుర్తొస్తాయి. షెడ్డులో వేడి 40 డిగ్రీలు, పెద్ద ఫ్యాన్లు ఈకలను, దుమ్మును మొహాల మీదికి కొడుతున్నాయి, ఆ వేడిలో రక్షణ దుస్తులు, మాస్కులు, కళ్లద్దాలు ఒంటిమీద నిలవలేదు. మే నెలలో దుర్గ్‌లో, ఏలూరులో షెడ్డు లోపల ఎంత ఉంటుంది? రక్షణ కిట్లు పంపిణీ చేశామన్న పత్రికా ప్రకటనతో పని తీరదు. తెల్లవారుజామున చేయించాలి, అరగంటకోసారి మనుషులను మార్చాలి, చల్లటి నీళ్లుండాలి. ఇవన్నీ ఖర్చు. ఎవరి ఖర్చో ముందే రాసి ఉండాలి.

మన బర్డ్ ఫ్లూ ప్రణాళికలో కోళ్లను చంపే ప్రభుత్వ బృందాలకు రక్షణ దుస్తులు, ముందుజాగ్రత్త మందు, ఆ తర్వాత ఆరోగ్య పరిశీలన ఉన్నాయి. మంచిదే. నష్టపరిహారమూ ఉంది: చంపిన కోడికి ఇంత, పగలగొట్టిన గుడ్డుకు ఇంత, పారబోసిన దాణాకు ఇంత అని కేంద్రం, రాష్ట్రం చెరిసగం భరిస్తాయి. ఆ డబ్బు ఫారం యజమానికి వెళ్తుంది, వెళ్లాలి కూడా, లేకపోతే జబ్బు దాస్తాడు. సరిగ్గా ఇదే తర్కం కూలీకి వర్తించదా? షెడ్డు మూతపడితే నెలల తరబడి పని లేదు. జ్వరం చెబితే ఆసుపత్రిలో పడేస్తారు, కూలి పోతుంది, పక్క ఫారంలో రానివ్వరు. అతనెందుకు చెబుతాడు? బృందం రాకముందు రోజుల తరబడి చచ్చిన కోళ్లను చేత్తో ఏరి గోతిలో వేసింది అతనే. పరిశీలన మొదలయ్యేసరికి రాయగఢ్ నుంచో తణుకు నుంచో సొంతూరు బస్సెక్కి ఉంటాడు.

లెక్క వేసి చూద్దాం. 2025 - 26లో ఉపాధి హామీ కూలి ఛత్తీస్‌గఢ్‌లో రోజుకు 261 రూపాయలు, తెలుగు రాష్ట్రాల్లో 307. షెడ్డులో పది మంది ఉన్నారనుకుంటే, పది రోజుల పరిశీలన కాలానికి కూలి కట్టివ్వడానికి దుర్గ్‌లో 26,100, గోదావరి జిల్లాల్లో 30,700 రూపాయలవుతాయి. వేల కోళ్లకు ఇచ్చే పరిహారం పక్కన ఇది చిల్లర. పరిహారం పట్టికలో ఇంకొక్క వరస చేర్చాలి: కోడి, గుడ్డు, దాణా, కూలీ. ఆ వరస అందుకోవాలంటే యజమాని తన దగ్గర పనిచేసేవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, సొంతూరు ముందే పశుసంవర్థక శాఖకు ఇచ్చి ఉండాలని షరతు పెట్టాలి. అప్పుడు పేరు దాచడం యజమానికి లాభం కాదు, నష్టం. పది మంది నిబంధనతో పనిలేకుండా జాబితా తయారవుతుంది.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, పశుసంవర్థక, ఆరోగ్య, కార్మిక శాఖలు మూడూ కలిసి ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. రాజనందగావ్, దుర్గ్ జిల్లాలు మధ్య భారతంలో పెద్ద కోళ్ల పరిశ్రమ ఉన్న చోట్లు. గోదావరి జిల్లాలు గుడ్లకు పెట్టింది పేరు. వలస పక్షులు ఏటా శీతాకాలంలో వస్తాయి, వాటి వెంట హెచ్5ఎన్1 కూడా. ఈ జిల్లాల కలెక్టర్ల దగ్గర ఉన్న బర్డ్ ఫ్లూ సన్నద్ధత ఫైలులో ఎన్ని కోళ్లున్నాయో కచ్చితంగా రాసి ఉంటుంది. ఎందరు మనుషులున్నారో రాసి ఉందా అని శాసనసభ్యులు, విలేకరులు, భిలాయ్‌లోనైనా భీమవరంలోనైనా, ఈ శీతాకాలం మొదలయ్యేలోగా అడగవలసిన ప్రశ్న.